అలుగు దగ్గర వెంకాయమ్మ

"ఆ కట్ట తెగితే నీళ్ళు మా గడప దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది మామ్మా?"

"చెప్పులు ఏసుకునేంత టైముండదు. చెప్పులు వదిలేసి పిల్లని ఎత్తుకో."

గేదె ముందుకు కుడితి తొట్టి జరుపుతూ, నా వైపు తిరగకుండానే చెప్పింది వెంకాయమ్మ. పాలు ఎన్ని పోయించుకోవాలో మాట్లాడి రమ్మని నా భార్య భార్గవి పంపితే వెళ్ళినవాణ్ణి, పాల సంగతి మర్చిపోయి ఈ ప్రశ్న అడిగాను. ఆ ఊళ్ళో అద్దెకు దిగి అప్పటికి వారం కూడా కాలేదు.

భార్గవికి నేరేళ్ళపాలెం హైస్కూల్లో టీచరుగా పోస్టింగు వచ్చింది. నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. బస్సులో రోజూ వెళ్ళి రావచ్చు గనక ఊళ్ళోనే ఇల్లు తీసుకున్నాం. ఇల్లు వెంకాయమ్మదే. వెనక వాటాలో ఆమె, ముందు వాటాలో మేము. వెడల్పాటి వరండా, పెరట్లో కరివేపాకు చెట్టు, అప్పుడే పరుగు నేర్చిన మా యశస్విని పడినా పెద్దగా దెబ్బ తగలని మట్టి వాకిలి. అన్నీ కుదిరాయనుకున్నాక ఒకరోజు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. పడమటి వైపు రెండు గుట్టల మధ్య గీత గీసినట్టు తిన్నగా ఒక గట్టు కనిపించింది. కొండలు అంత తిన్నగా ఉండవు. ఫోన్లో మ్యాపు తెరిచి ఎత్తులు చూశాను. ఆ గట్టు అడుగుభాగం కూడా మా డాబా కంటే ఎత్తులో ఉంది. ఆ పూట నుంచి నాకు అన్నం సహించలేదు.

వెంకాయమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని అప్పుడు నన్ను చూసింది.

"కట్టని చూశావా?"

"డాబా మీద నుంచి చూశాను."

"అంత దూరం నుంచి చూస్తే లేనిపోనివన్నీ కనపడతయ్యి. పద, దగ్గరికి పోయి చూద్దువుగాని. పిల్లని కూడా ఎత్తుకో. కింద ఉండేది అది కూడానుగా."

అలా మొదలైంది ఆమెతో మా పరిచయం.

నేరేళ్ళ వాగుకు అడ్డంగా వేసిన మట్టికట్ట అది. కాగితాల మీద దాని పేరు వరద నివారణ కట్ట. ఊళ్ళో మినీ డ్యాము అంటారు. నీళ్ళు నిల్వ చేయడానికి కట్టింది కాదు. ఎగువ కొండల మీద కుండపోతగా పడ్డప్పుడు వాగు ఒక్కసారిగా ఊరి మీద పడకుండా, ఆ నీటిని కొంతసేపు పట్టి ఉంచి అడుగున ఉన్న తూము గుండా మెల్లగా వదలడం దాని పని. తూము చాలనంతగా వస్తే, కట్ట కొసన పల్లంగా రాతితో కట్టిన అలుగు మీదుగా పక్క వాగులోకి దిగిపోతాయి. అలుగు మూసుకుపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లాయంటే ఇక అది కట్ట కాదు, బురద. ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదువుకున్నాను. వెంకాయమ్మకు ఒంటి మీద జరిగాయి.

"మా పెళ్ళైన కొత్తల్లో ఈ కట్ట లేదు," అంది నడుస్తూ. డెబ్భై దాటిన మనిషి. గేదెను తోలుకుపోయే కర్రనే ఊతంగా పట్టుకుంది. "తెల్లారేసరికి వాగు ఇంట్లో ఉంది. మీ తాత పిల్లాణ్ణి భుజానేసుకుని కప్పెక్కాడు, నన్ను లాగాడు. గొడ్లు కొట్టంలోనే ఉండిపోయినయ్యి. ఇప్పుదామని దిగా. ముడి తడిసి బిగుసుకుపోయింది. గోళ్ళు ఊడినయ్యి గాని ముడి రాలా."

ఆ తర్వాత గమనించాను, ఆమె ఇంట్లో ఏ తాడుకూ గట్టి ముడి ఉండదు. గేదె పలుపు, బట్టల దండెం, చివరికి పచ్చడి జాడీ మూతికి కట్టిన గుడ్డ కూడా ఒక్క లాగుడుకు ఊడొచ్చే జారుముడే.

మీ తాత అని ఆమె అన్నది తన భర్త వెంకట్రామయ్య గురించి. ఆ వరద తర్వాత కట్ట వేయాలని అధికారులు వచ్చినప్పుడు, మంచి నల్లరేగడి చేను వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోకపోతే మొదట తన చేను రాసిచ్చింది ఆయనే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కుటుంబంలో మిగతావాళ్ళంతా మెరక మీద కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. ఆమె మాత్రం పల్లం బజారులోనే ఉండిపోయింది. ఎందుకని అడిగితే, "కట్టకి దగ్గర," అంటుంది. ఊళ్ళో ఇంకో ఇద్దరు వెంకాయమ్మలు ఉండబట్టి ఈమెను కట్ట వెంకాయమ్మ అంటారు.

రోజూ పొద్దున్నే గేదెతో పాటు కట్ట వెంబడి ఆ కొస నుంచి ఈ కొసకు నడవడం ఆమె అలవాటు. సర్కారు తుమ్మ మొలిస్తే మొక్కగా ఉండగానే కొట్టించేది. చెట్టయితే వేరు కట్టలోకి దిగి, చచ్చాక ఆ వేరున్న చోట బొక్క మిగులుతుంది. నీటి వైపు వాలు మీద పరిచిన రాళ్ళను ఎవరు ఎత్తుకుపోయినా పసిగట్టేది. ఒకసారి ఆమె మరిది నాగభూషణరావు ఇంట్లో వ్రతానికి వెళ్ళి, పెరట్లో కుళాయి కింద బట్టలుతికే బండ చూసి పీట మీద నుంచి లేచిందట. ప్రసాదం తీసుకోకుండా ట్రాక్టరు పిలిపించి ఆ బండ ఎక్కించిందట.

"ఒక్క రాయికి కట్ట కూలుద్దా వదినా?" అన్నాడట ఆయన.

"నువ్వు మాజీ సర్పంచివి భూషణం. నువ్వొకటి తెస్తే ఊరు వంద తెచ్చుద్ది."

ఆ కథ చెప్పినప్పుడల్లా నాగభూషణరావు భార్య రాజ్యలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అలాగని వెంకాయమ్మకు కట్ట గురించి అన్నీ తెలుసనుకోకూడదు. కట్ట దిగువన, తూముకు కొంచెం పక్కగా, ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు ఒకటుంది. ఎండల్లో కూడా అక్కడ సన్నగా నీరు ఊరుతుంది. ఆమె దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మ అని దణ్ణం పెట్టుకునేది. నేను మొదటిసారి చూసినప్పుడు వంగి ఆ మట్టిని వేలితో నొక్కి చూశాను.

"మామ్మా, ఇది కట్టలోంచి వస్తున్న ఊట."

"అయితే గంగమ్మ కాదా?"

"గంగమ్మ అయినా సరే, ఏ రంగులో వస్తుందో చూడాలి. తేటగా వస్తుంటే పరవాలేదు. మట్టి రంగు తిరిగితే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు."

ఆమె పసుపు రాయడం మానలేదు గాని, మర్నాటి నుంచి ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో ఆ నీళ్ళు పట్టుకొచ్చి మా వరండా గోడ మీద పెట్టడం మొదలుపెట్టింది. నేను కాలేజీకి బయల్దేరేటప్పుడు దాన్ని ఎండకు ఎత్తి చూసి "తేటగానే ఉంది" అనాలి. అది అన్నాక గాని ఆమె కాఫీ తాగేది కాదు. ఒకరోజు నేను తొందరలో చూడకుండా పోతే, బస్టాపు దాకా సీసా పట్టుకుని వచ్చింది. బస్సులో అందరూ అది మందు అనుకున్నారు.

మొదటి వానాకాలం అలా గడిచింది. అలుగు దాకా నీళ్ళు రాలేదు. నేను మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టాను. తర్వాత శివరాత్రి వచ్చింది.

మా వైపు శివరాత్రి అంటే కోటప్పకొండ, కోటప్పకొండ అంటే ప్రభలు. వెదుర్లు, దూలాలు కలిపి తాటిచెట్టును మించిన ఎత్తున కట్టి, రంగు బట్టలు, లైట్లు చుట్టి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని కొండ దాకా నడిపించుకుపోతారు. నేరేళ్ళపాలెం ప్రభ కూడా పాతదే. ఊరి రోడ్డుకు అడ్డంగా పెద్ద కరెంటు లైను పడ్డాక ప్రభ అటు పోవడానికి లేకుండా పోయింది. అందుకని కట్ట మీదుగా తీసుకుపోయి, అలుగు దాటించి, అవతలి డొంకలోంచి పెద్ద రోడ్డు ఎక్కిస్తారు.

చిక్కంతా అలుగు దగ్గరే. ఆ పల్లంలో చక్రం దిగితే ప్రభ ఒరుగుతుంది. అందుకని ప్రతి ఏడూ పండగ ముందు గ్రావెలు నింపిన బస్తాలు అలుగులో పేర్చి కట్టతో సమానం చేసేవారు. కొండ నుంచి ప్రభ తిరిగొచ్చిన మర్నాడు ఆ బస్తాలు మోసిన కుర్రాళ్ళే వాటిని తీసేయాలి. అదొక ఆనవాయితీ. వెంకాయమ్మ గంగాళం నిండా పులిహోర కలిపి తీసుకొచ్చి అలుగు పక్కన కూర్చునేది. ఆఖరి బస్తా లేచేదాకా మూత తీసేది కాదు. "మామ్మా, ఒక్క ముద్ద" అని ఎవడన్నా బతిమాలితే, "ఇంకా అలుగు కనపడలా" అనేది.

ఆ ఏడు ప్రభ కమిటీ పెద్ద నాగభూషణరావు కొత్త పని చేశాడు. బస్తాలు లేవు. అలుగు అడుగున రెండు సిమెంటు పైపులు వేయించి, వాటి మీద గ్రావెలు పోయించి, పైన కాంక్రీటు పోయించాడు. శాశ్వతమైన దారి.

ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నరసరావుపేట ఆసుపత్రికి ముందు కదిలేది ఆయన కారే. అంతకు ముందు ఏడు అలుగు దగ్గర బస్తా జారి ప్రభ ఒరిగితే, పైన లైట్లు సరిచేస్తున్న ఎలక్ట్రీషియన్ ఖాసిం కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నెలల తరబడి ఆ చెయ్యి కట్టుతో ఖాసిం ఎదురుపడినప్పుడల్లా ఆయన తల దించుకునేవాడట. మళ్ళీ అలా జరగకూడదనే కాంక్రీటు పోయించాడు. ఆయన భయం ఆయనది.

పండగ నాడు యశస్వినిని భుజాల మీద ఎక్కించుకుని నేనూ ప్రభ వెనక నడిచాను. అలుగు మీద ప్రభ ఊగకుండా, నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. ఊరంతా ఈలలు. వెంకాయమ్మ కూడా చక్రం ముందు కొబ్బరికాయ కొట్టి కళ్ళు తుడుచుకుంది.

ప్రభ తిరిగొచ్చిన మర్నాడు ఆమె ఎప్పటిలాగే పులిహోర కలిపింది. గంగాళం ఆటోలో పెట్టించుకుని అలుగు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎవరూ రాలేదు. తీయడానికి బస్తాలు లేవుగా. ఎండ నెత్తికెక్కేదాకా కూర్చుని, మూత తీయకుండానే ఆ గంగాళం వెనక్కు తెచ్చింది. తిన్నగా మా బజారులోని అంగన్‌వాడీకి పోయి టీచరు షారోన్ ముందు దించింది.

"పిల్లలకి పెట్టమ్మా. ఈ ఏడు తినేవాళ్ళు మానేశారు."

ఆ అంగన్‌వాడీకే మా యశస్విని వెళ్ళేది. పల్లం బజారులో పిల్లలంతా పొద్దుటి పూట ఉండేది అక్కడే. కట్ట నుంచి వచ్చే పాత వాగు జాడ ఆ గది వెనక గోడను ఆనుకునే పోతుంది.

మర్నాడు వెంకాయమ్మ పాలకేంద్రం దగ్గర మరిదిని పట్టుకుంది. పొద్దున పాలు పోసే వేళ ఊళ్ళో సగం మంది అక్కడే ఉంటారు.

"భూషణం, అలుగు ఎప్పుడు తీస్తావు?"

"తీసేదేంది వదినా? పర్మినెంటుగా ఏశాంగా. కింద పైపులు పెట్టిచ్చా. నీళ్ళు పోతయ్యి."

"అవీ పైపులేనా? మా గేదె గొంతు అంతకన్నా పెద్దది."

క్యాన్ల దగ్గర అందరూ నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు.

"స్వామి ప్రభ నడిచిన దారి తవ్వకూడదు వదినా. అరిష్టం."

"ఇన్నేళ్ళూ తియ్యలా? అప్పుడు లేని అరిష్టం ఇప్పుడెట్టా వచ్చింది? స్వామి కొండెక్కి కూర్చున్నాడయ్యా. మునిగేది పల్లంలో ఉన్న మేము."

మిరప వేసే రైతు ఒకాయన మధ్యలో కల్పించుకున్నాడు. "పోనియ్ పిన్నీ. అలుగు ఎత్తు పెరిగితే తూము షట్టరు దించుకుని నాలుగడుగులు ఎక్కువ నీళ్ళు ఆపుకోవచ్చు. మా తోటలకి ఇంకో తడి వచ్చుద్ది."

"నీ తోటకి తడి, నా ఇంటికి వరద. బాగానే పంచావు."

నేను ముందురోజే అలుగు వెడల్పు, పైపుల లోపలి కొలత చూసి లెక్క వేసుకున్నాను. రెండు లారీలు పక్కపక్కనే పోయేంత వెడల్పున నీళ్ళు పోవలసిన చోట, చిన్నపిల్లలు దూరేపాటి పైపులు రెండు. పోయే నీరు పదో వంతు కూడా ఉండదు. ఫోను తీసి నాగభూషణరావుకు చూపించాను. ఆయన ఓపిగ్గా చూశాడు, రెండు ప్రశ్నలు కూడా అడిగాడు.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు మేష్టారూ. కానీ ఆ లెక్కలో వాన మన ఊళ్ళో పడి ఎన్నేళ్ళయింది? ప్రభ మాత్రం ఏడాదికోసారి పోవాల్సిందే. మళ్ళీ ఎవడన్నా పడితే వాడి ఇంటికి నువ్వెళ్ళి చెప్తావా?"

ఇంటికి వచ్చి కట్ట చూసే ఆఫీసుకు ఫోను చేస్తే వానలకు ముందు తనిఖీకి వస్తామన్నారు. ఇల్లు మారిపోదామని భార్గవితో అన్నాను. ఆమె కూరగాయలు తరుగుతూ, "మనం మారతాం సరే. అంగన్‌వాడీని కూడా మారుస్తావా?" అంది.

వెంకాయమ్మ మాత్రం ఇంకెవరితోనూ వాదించలేదు. ఎండాకాలం సెలవులు మొదలయ్యేదాకా ఆగి, మెరక మీద మరిది ఇంటికి వెళ్ళింది. ఆయన మనవరాలు హేమశ్రీకి నాలుగేళ్ళు. పేటలో నర్సరీ చదువుతుంది. సెలవులకు ఇంట్లో ఉంది.

"పిల్లకి తల దువ్వు రాజ్యం," అంది వెంకాయమ్మ. "నాతో అంగన్‌వాడీకి తీసుకుపోతా."

"అక్కడికెందుకు వదినా?" అన్నాడు వసారాలో పేపరు చదువుతున్న నాగభూషణరావు.

"ఏం, మీ పిల్ల మా పల్లంలో కూర్చోకూడదా? పైపులు చాలతయ్యన్నావుగా. చాలినన్ని రోజులూ అక్కడే కూర్చుంటది. చాలవని నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు వచ్చి తీసుకుపో."

ఆయన మొహం ఎర్రబడిందట. కాదనడానికి లేదు. కాదంటే పైపులు చాలవని ఒప్పుకున్నట్టే. "తీసుకుపో, ఇంట్లో అల్లరి తగ్గుద్ది," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడట. రాజ్యలక్ష్మి పిల్లకు రెండు జడలు వేసి, మంచి గౌను తొడిగి పంపింది. ఆ తర్వాత రోజూ పంపింది. ఒక్కరోజు కూడా వద్దనలేదు.

హేమశ్రీకి అంగన్‌వాడీ తెగ నచ్చింది. షారోన్ పాటలు పాడించేది, గుడ్డు పెట్టేది. మా యశస్వినితో జత కట్టింది. సాయంత్రాలు మెరక మీద వసారాలో తాతయ్య ముందు ఆ పాటలే పాడేదట. ఆయన వింటూ మాటిమాటికీ పడమటి వైపు చూసేవాడని రాజ్యలక్ష్మి తర్వాత చెప్పింది.

జూన్ మొదట్లో ఒక పొద్దున, ఎండ కాస్తుండగానే పడమటి గుట్టల మీద మబ్బు నల్లగా దిగింది. గాలి లేచింది. వాన చినుకులతో మొదలవలేదు, ఒక్కసారే కుమ్మరించింది. నాకు సెలవులే. నేను తలుపు కూడా వేయకుండా అంగన్‌వాడీకి పరిగెత్తాను. చెప్పులు వేసుకోలేదని అక్కడికి వెళ్ళాక చూసుకున్నాను.

గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వెంకాయమ్మ కూర్చుంది. లోపల పిల్లలు ఉరుముకు ఒకసారి అరిచి, నవ్వి, మళ్ళీ అరుస్తున్నారు. నేను యశస్వినిని ఎత్తుకున్నానో లేదో బయట బండి ఆగిన చప్పుడు. నాగభూషణరావు నిలువునా తడిసి, పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి లోపలికి వచ్చాడు. ఎవరినీ చూడకుండా వెళ్ళి హేమశ్రీని ఎత్తుకున్నాడు.

"ఏందయ్యా భూషణం, ఇట్టా తడిశావు?" అంది వెంకాయమ్మ. గొంతులో వెటకారం ఉంది గాని చెయ్యి కుర్చీ అంచును గట్టిగా పట్టుకుని ఉంది. "పైపులున్నయ్యిగా?"

ఆయన పిల్లను ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చాడు. హేమశ్రీ ఆయన భుజం మీద నుంచి వెనక్కి వంగి, "తాతయ్యా, యశు కూడా వస్తది. అందరూ వస్తారు," అని కాళ్ళు తన్నుకుంది. ఆయన ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆ గదినంతా ఒకసారి చూశాడు. చాప మీద సగం తిన్న గుడ్లు, గోడవారగా చిన్న చిన్న చెప్పులు. పిల్లలు ఆయన పంచెలోంచి కారుతున్న నీళ్ళను చూస్తున్నారు.

"అమ్మాయ్ షారోన్," అన్నాడు. "అందర్నీ మెరక మీదికి తోలుకుపో. మా ఇంటికి. కారు పంపుతా. ముందు చిన్నోళ్ళని." హేమశ్రీని ఆమె చేతికిచ్చాడు. "మేష్టారూ, నువ్వు నాతో రా."

యశస్వినిని వెంకాయమ్మ ఒళ్ళో పెట్టి నేను ఆయన బండెక్కాను.

కట్ట మీదికి చేరేసరికి వాన కొంచెం పలచబడింది. ఎగువన వాగు ఎర్రగా వచ్చి నిండుతోంది. మిరప తోటల కోసం దించిన తూము షట్టరు ఎవరూ ఎత్తలేదు. అలుగు దగ్గర నీళ్ళు కాంక్రీటు దారి అంచుకు చేరువలో ఉన్నాయి. పైపుల నోట్లో తుమ్మకొమ్మలు అడ్డం పడి, వాటికి శివరాత్రి నాటి ప్రభ గుడ్డ ఒకటి చుట్టుకుని ఉంది. అవతలి పక్క నుంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. ఎరుపు, పసుపు చారల గుడ్డ. ఆయనే కొనుక్కొచ్చిన గుడ్డ.

ఆయన కర్రతో ఆ కొమ్మలను లాగబోయాడు. కాలు జారింది. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. అక్కడ నీళ్ళు లోపలికి గుంజుతుంటాయి, మనిషిని కూడా గుంజుతాయి. ఇద్దరం రాళ్ళ మీద కూలబడ్డాం. కాసేపటికి ఆయన లేచి తూము దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరం కలిసి షట్టరు చక్రం తిప్పి ఎత్తాం.

ఆ రోజు కట్టకేమీ కాలేదు. వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా ఆగిపోయింది. ఇంకొంచెం సేపు పడి ఉంటే ఏమయ్యేదో నేను లెక్క వేయలేదు. వేసే అవసరం రాలేదు. ఆయన అక్కడి నుంచే జేసీబీకి ఫోను చేశాడు.

"ఎవురో చెప్పారని కాదు," అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "నేనే ఏశా. నేనే తీపిస్తా."

మర్నాడు నీళ్ళు దిగాక జేసీబీ వచ్చి కాంక్రీటు పగలగొడుతుంటే ఊరు చూడ్డానికి వచ్చింది. ఖాసిం కూడా వచ్చాడు. నాగభూషణరావు అతని పక్కకు వెళ్ళి నిలబడి, "వచ్చే ఏడు ప్రభ ఎత్తు తగ్గిస్తాం ఖాసిం. బస్తాలు రెండు వరసలు ఎక్కువ ఏస్తాం. ప్రభ కదిలేప్పుడు పైన మనిషి ఉండడు," అన్నాడు. పక్క ఊళ్ళవాళ్ళ ముందు ప్రభ ఎత్తు తగ్గించుకోవడమంటే మా వైపు మీసం తీయించుకున్నంత పని. ఖాసిం విరిగి అతికిన చేతితో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

రెండో పైపు లేచి, అలుగు రాయి బయటపడ్డాక, వెంకాయమ్మ ఆటో దిగింది. గంగాళం దింపించింది. మూత తీసింది.

"శివరాత్రి పులిహోరా వదినా ఇది?" అన్నాడు నాగభూషణరావు.

"ఆ, ఇప్పుడు కనపడింది అలుగు. కూర్చో భూషణం, విస్తరేస్తా."

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. వెంకాయమ్మ మోకాళ్ళు అరిగి కట్ట ఎక్కడం మానేసింది. గేదెతో పాటు దిగువన ఊట దగ్గర కూర్చుంటుంది. మార్చి ఎండలు మొదలవగానే ప్రతి ఆదివారం పొద్దున నేను యశస్విని చెయ్యి పట్టుకుని కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాను. తుమ్మ మొలకలు పీకుతాం. రాయి కదిలిన చోట ఫోటో తీసి ఆఫీసుకు పంపి, మళ్ళీ ఫోను చేసి విసిగిస్తాను. అప్పుడప్పుడు నాగభూషణరావు కూడా హేమశ్రీని తీసుకుని వస్తాడు. పిల్లలిద్దరూ సీసాలో ఊట నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూసి, "తేటగానే ఉంది మామ్మా," అని ఆమెకు చూపిస్తారు.

నాకు భయం పోలేదు. దానికొక కాలం మాత్రం కుదిరింది. అది వెంకాయమ్మ కుదిర్చిందే. కాంక్రీటు తీసిన ఆ ఏడే అక్టోబరులో తుఫాను పట్టింది. కట్ట నిండి, అలుగు మొదటిసారి మా కళ్ళ ముందు పారింది. దాని హోరు మా ఇంటి దాకా వినిపించింది. మా బజారులోకి చీలమండల్లోతు నీళ్ళు వచ్చాయి, అంతకు మించి రాలేదు. నేను మాత్రం డాబా మీద గొడుగు వేసుకుని పడమటి వైపు చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వెంకాయమ్మ మెట్ల మీద సగం దాకా వచ్చి, రొప్పుతూ ఆగి, పిలిచింది.

"దిగయ్యా మేష్టారూ. దిగి బువ్వ తిను. ఇప్పుడు భయపడి ఏం చేస్తావు? వానల్లో మనిషి చేసేది పిల్లని ఎత్తుకుని పరిగెత్తటమే. భయపడేదేదో ఎండల్లో భయపడు. అప్పుడైతే కట్టెక్కి చూడొచ్చు, తుమ్మ కొట్టొచ్చు, రాయి పెట్టొచ్చు, భూషణంతో తగాదా ఏసుకోవచ్చు."